తెల్లదారం పుట

సోమవారం లోపల అయిపోవలసిన పనులు:

స్కానింగు కాగితాలు, రక్తపరీక్షల చీటీలు ఒకే కవరులో పెట్టడం. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు మూడేసి. రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరు, ఈరేష్ ఒప్పుకున్నాడు, ఇంకొకరు కావాలి. మెత్తటి పాత చీరలు నాలుగు. వేడినీళ్ల ఫ్లాస్కు. మేకను తిమ్మమ్మ దొడ్లో కట్టేయడం. ఎండురొట్టెలు ఇరవై. నేను చెప్పే బడిలో సెలవు చీటీ. ఆదివారం చర్చి ఆరాధనలో అయ్యగారితో ప్రార్థన చేయించడం. అక్క పుస్తకం, అత్త సంచిలో, అన్నిటికన్నా పైన.

అశ్విని ఈ జాబితాను ఎర్రపెన్నుతో రాసి వంటింటి గోడకు అన్నం మెతుకులతో అతికించి వారమైంది. శుక్రవారం సాయంత్రానికి రక్తమిచ్చే రెండో మనిషి, ఆదివారం ప్రార్థన, మేక తప్ప అన్నిటికీ టిక్కులు పడ్డాయి. పుస్తకానికైతే రెండు టిక్కులు పెట్టింది.

శనివారం పొద్దున లేచి చూస్తే సంచి ఖాళీగా కొక్కేనికి వేలాడుతోంది. చీరలు దండెం మీదికి, ఫ్లాస్కు అటక మీదికి, కాగితాల కవరు టీవీ కిందికి వెళ్లిపోయాయి. కొత్త అట్టతో మెరుస్తున్న పుస్తకం ఒక్కటే, చోటు దొరకనట్టు, బియ్యం డ్రమ్ము మూత మీద పడి ఉంది.

సుంకమ్మ వాకిట్లో కూర్చుని చేటలో కొర్రలు ఏరుతోంది. మేక పక్కనే నిలబడి చేటలోకి మూతి చాపుతోంది.

"సంచిలోవి ఎవరు తీసినారు అత్తా?"

"నేనే."

"మళ్లీ సర్దుదామనా?"

"సర్దేది ల్యా. నేను పోను."

"యాడికి?"

"ఆదోనికి. ఆపరేసనుకు."

అశ్విని గడప మీదే కూర్చుండిపోయింది. ఆరు నెలలుగా అత్తకు రక్తం పోతోంది. గర్భసంచిలో గడ్డ ఉందని, తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో రక్తం లేక రెండుసార్లు తారీఖు వెనక్కి పోయింది. మందులు మింగించి, బీట్రూటు తినిపించి, బతిమాలి, కసిరి, ఇప్పటికి రక్తం ఆపరేషనుకు సరిపడా పెరిగింది. ఈ సోమవారం తప్పితే మళ్లీ నెలన్నరకు గాని తారీఖు లేదు. అంతవరకు ఆగితే మనిషి నిలబడదని డాక్టరమ్మ అశ్వినిని పక్కకు పిలిచి మరీ చెప్పింది.

అశ్విని మొగుడు సామ్సన్ నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు. "ఏమంటాంది?"

"పోదంట."

అతను నీళ్లతొట్టి దగ్గర పుక్కిలించి వచ్చాడు. "పోవా? మా, ఆ ఈరేష్ గానికి రెండు దినాలు బిర్యానీ తినిపిచ్చి రక్తానికి ఒప్పిచ్చినా. వాడు తిన్నది ఎవరు కక్కిస్తారు?"

"వాని రక్తం నాకొద్దు. అంతా మసాలానే ఉంటాది."

సుంకమ్మ ఈ మాట నవ్వకుండా అంది. సామ్సన్ నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగాడు. ఎమ్మిగనూరు మార్కెట్టు నుంచి ఆదోనికి సరుకు ఆటో తోలుతాడు అతను. ఉల్లిగడ్డ మూటలు ఎత్తడం తెలుసు గాని తల్లి మౌనాన్ని ఎలా ఎత్తాలో తెలియదు. "నువ్వే సెప్పు, అశ్వినీ," అని తాళంచెవి తీసుకుని వెళ్లిపోయాడు.

అశ్విని అత్త ఎదురుగా వచ్చి కూర్చుని చేటలో ఒక పక్క నుంచి తనూ ఏరసాగింది.

"భయమా అత్తా?"

"భయమైతే ఇన్నాళ్లు ఈ కడుపు మోస్తునా?"

"మరేంది?"

సుంకమ్మ రాయి ఒకటి తీసి దూరంగా వేసింది. ఇంకొకటి తీసింది. ఆ తర్వాత చెప్పింది.

"రాత్రి పుస్తకం తెరిసినా. నా దారం ల్యా."

* * *

అక్క పుస్తకం అసలు పేరు ఎవరికీ తెలియదు. మొదటి ఎనిమిది పుటలు ఏనాడో ఊడిపోయాయి. మిగిలినవి యాభై రెండు పాఠాలు. విశ్వాసంలో అలసిపోయిన ఆడవాళ్లను నిలబెట్టడానికి ఎవరో పుణ్యాత్మురాలు పాతకాలపు భాషలో రాసినవి. ప్రతి పాఠం "అక్కా" అని మొదలవుతుంది. అందుకే ఆ పేరు వచ్చింది.

మూడేళ్ల కిందట, అశ్విని ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, చర్చి స్త్రీల కూడికలో గురువారం గురువారం ఆ పుస్తకం చదివి వినిపించింది. వినేవాళ్లు పదిహేడు మంది. చదువు వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ తర్వాత కూడిక రేకుపెట్టెలోకి వేరే పుస్తకాలు వచ్చాయి, గురువారాలు వాటితో గడిచాయి. కానీ ఇంటింటికీ తిరిగేది మాత్రం అక్క పుస్తకమే.

ఎవరికి ఏ పాఠం గుండెకు తగిలిందో ఆ పుటలో ఆమె ఒక దారం పెట్టుకుంది. సగం మంది ఇళ్లలో మగ్గాలవాళ్లకు కండెలు చుట్టే పని ఉంది గనుక దారాలకు కరువు లేదు. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. కష్టం వచ్చినవాళ్లు పుస్తకాన్ని తెచ్చుకుని తమ దారం దగ్గర తెరుస్తారు. చదవడం రాకపోయినా ఆ పుట మీద చెయ్యి పెట్టుకుని ప్రార్థన చేసుకుంటారు. నీ పుటలో ఏముంది, ఎందుకు ఆ పుట అని ఒకరినొకరు అడగరు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గాని ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

పుస్తకం బాగా శిథిలమైపోయింది. ఆసుపత్రిలో అత్త పక్కన కొత్తగా కనిపించాలని అశ్విని దాన్ని పోయిన వారం ఆదోనిలో బైండింగుకు ఇచ్చింది. అట్ట అతికిస్తారు, అంతే అనుకుంది. కుట్టు విప్పి, ఏ పుటకు ఆ పుట విడదీసి, మళ్లీ మొదటినుంచి కుడతారని ఆమెకు తెలియదు.

"నేను కావాలని తీయించలేదత్తా. దారాలు పోతాయని నాకేం తెలుసు?"

"డిగ్రీ సదివినావు గదా."

"డిగ్రీలో బైండింగు చెప్పరు."

"పుస్తకం అందంగా సేసినావులే. నా పెండ్లికి నేను గూడా అంత అందంగా ల్యా."

పక్క గోడ మీదుగా తిమ్మమ్మ తల కనిపించింది. ఆమె ఎంతసేపటి నుంచి వింటోందో. "నాది గూడా పోయింది మే, అశ్వినీ. ఆకుపచ్చది. మా ఆయప్ప తాగొచ్చినప్పుడల్లా దాని మీద సెయ్యి పెట్టుకుంటాంటి. ఇప్పుడు యాడ పెట్టుకోల్ల? ఆయప్ప నెత్తి మీదనా?"

"పెట్టు అక్కా, దానికీ ప్రార్థన కావాలి," అంది అశ్విని. తిమ్మమ్మ నవ్వింది. సుంకమ్మ నవ్వలేదు.

"ఏ పాఠమో చెప్పత్తా. ఒక్క మాట గుర్తు చెప్పు. వెతికి తీస్తా."

సుంకమ్మ చేట పక్కన పెట్టి చేతులు కొంగు కింద పెట్టుకుంది. "అడగగూడదని నీకు తెల్దా?"

"తెలుసు. కానీ సోమవారం…"

"సోమారం వస్తాది, పోతాది. ఆ పేజీ లేకుండా నన్ను ఆ బల్ల మీద పండుకోమనొద్దు. నాకు మత్తిస్తారంట. మత్తులో దేవుని పిలిసేదానికి నోరు రాదు. ఆ పేజీ మీద సెయ్యి పెట్టి పండుకుంటే సాలనుకుంటి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అశ్వినికి ఎక్కువ బాధ కలిగింది. కోపమైతే బతిమాలవచ్చు.

* * *

మధ్యాహ్నం బస్సుకు ఆమె ఆదోని వెళ్లింది.

మౌలాలి బైండింగు కొట్టు పాతబజారు సందులో ఉంది. కొట్టంటే ముందుగది. లోపల మైదా జిగురు ఉడికిన వాసన. మౌలాలి కళ్లద్దాలు నుదుటికి ఎత్తి, సంగతి విని, లోపలికి తిరిగి పిలిచాడు. "షాహిదా, ఆ చర్చి పుస్తకం అమ్మాయి."

షాహిదాబీ సూది చీరకు గుచ్చుకుంటూ వచ్చింది. "ఏం బేటీ, కుట్టు ఊడిందా?"

"కుట్టు బాగుంది అమ్మా. అందులో దారాలుండె. రంగురంగులవి."

"ఉన్నాయి."

ఆమె గోడగూటిలోంచి పాత పెళ్లికార్డు ఒకటి తీసింది. దాని మడతలో దారాలన్నీ చక్కగా చుట్టి ఉన్నాయి. "పుస్తకంలో దొరికింది ఏదైనా పారేయం మేము. అందులోనూ దేవుని పుస్తకం. నువ్వు తీసుకపోయిన పొద్దు నేను కొట్లో ల్యా. ఈయనకు ఇయ్యమని సెప్పింటి, మరిసిపోయినాడు."

"మరిసిపోలేదు. జ్ఞాపకం రాలేదు," అన్నాడు మౌలాలి.

అశ్వినికి కళ్లనీళ్లు తిరిగాయి. దారాలు వేలితో కదిపింది. ఆకుపచ్చ, పసుపు, వంగపండు, రెండు రకాల ఎరుపు. అన్నిటికన్నా అడుగున రంగు వేయని తెల్లదారం ఒకటి. అది అత్తదే. ఎవరైనా అడిగితే, నాకు ఏ రంగైనా ఒకటే, తెల్లది మిగిలింది తీసుకున్నా అనేది.

"ఏది ఏ పుటలో ఉండెనో గుర్తుందా అమ్మా?"

"గుర్తెట్ల ఉంటాది? పుటలన్నీ ఇప్పి కుప్ప పోసినా." షాహిదాబీ పుస్తకం తీసుకుని వెలుతురులోకి తిప్పింది. "ఇదో, సూడు. మడతలో గీత కనిపిస్తాందా? రంగు దిగింది. ఆడోళ్లు తడి సేతుల్తో పట్టుకుని ఉంటారు. పచ్చగీత ఉన్నకాడ పచ్చదారం పెట్టు. అట్ల అన్నీ దొరుకుతాయి."

ఆమె ఆగి, తెల్లదారం మీద వేలు పెట్టింది. "ఇది మాత్రం దొరకదు. దీనికి రంగు ల్యా."

"అదే కావాలమ్మా నాకు."

మౌలాలి జిగురు గిన్నె కలుపుతూ, ఏదో ఒకటి చెప్పాలన్నట్టు అన్నాడు. "ఒక పుట కింద సగం సినిగిపోయి ఉండె. అక్షరాలు పోయినాయి. తెల్లకాగితం అతికిచ్చినా. మాటలు మేం పెట్టలేం గదా, ఖాళీగానే ఇడిసిపెట్టినా. సూసుకో."

ఆ మాట అశ్విని చెవిన పడింది గాని మనసులో పడలేదు. ఆమె అప్పటికే బస్సు వేళ చూసుకుంటోంది.

గడప దిగుతుంటే షాహిదాబీ వెనకనుంచి అడిగింది. "మీ అత్త పేరేంది?"

"సుంకమ్మ."

"మా చెల్లెలికీ అదే ఆపరేసను అయింది. నెలకు లేసి తిరిగింది. సెప్పు ఆమెకు. నేను గూడా దువా సేస్తా."

* * *

సాయంత్రం సుంకమ్మ ఇంట్లో చాప నిండింది. గీతలు వెతకడానికి ఆడవాళ్లంతా వచ్చారు. అశ్విని పుట తిప్పడం, ఎవరో ఒకరు "అదో, నాది" అనడం. వంగపండు గీత ఎవరిదని ఇద్దరు గట్టిగానే వాదించుకున్నారు. తిమ్మమ్మ తన ఆకుపచ్చ గీతను చూసి, పుస్తకాన్ని అమాంతం ఒళ్లోకి లాక్కుని, ఒక నిమిషం కళ్లు మూసుకుంది. తర్వాత లేచి, "పోయి సద్దిరొట్టె పెడతా ఆయప్పకు, ఈపొద్దు తాగల్యా పాపం," అంది.

చీకటి పడకముందే పదహారు దారాలూ వాటి వాటి చోట్లకు చేరాయి.

తెల్లదారం అశ్విని అరచేతిలో మిగిలింది. సుంకమ్మ దాన్ని చూసి, తీసుకోకుండా, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మరుసటి రోజు నెలలో మొదటి ఆదివారం. చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. అయ్యగారు సుంకమ్మ పేరు చెప్పి ప్రార్థన చేశారు. ఆడవాళ్లు వరుసగా వెళ్లి మోకాళ్లూని, రెండు అరచేతులూ చాపి రొట్టె అందుకుంటున్నారు. సుంకమ్మ వెళ్లలేదు. చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చుండిపోయింది.

అశ్విని వెనక వరుసలోంచి ఆ కొంగునే చూసింది. పెళ్లైన కొత్తలో అత్త ఎప్పుడూ అలాగే కూర్చునేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. పత్తి తీసి తీసి గీరుకుపోయిన చేతులు, మిరపకోతలకు పొరలు లేచిన అరచేతులు, మూటలు మోయగా వంకరపోయి నిటారుగా చాపలేని చిటికెనవేలు. వాటిని నలుగురి ముందు బయట పెట్టేది కాదు. ఆ తర్వాత ఎప్పటినుంచో చాపడం మొదలుపెట్టింది. ఎప్పటినుంచో అశ్విని గమనించలేదు. ఇవాళ మళ్లీ ఆగిపోయింది.

పుస్తకానికి తను పెట్టిన రెండు టిక్కులు ఎంత పని చేశాయో ఆమెకు అప్పుడు అర్థమైంది.

* * *

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పుస్తకం తెచ్చి అత్త దగ్గర కూర్చుంది.

"నేను నిన్ను ఏమీ అడగను అత్తా. మొదటినుంచి చదువుతా. నీది వచ్చినప్పుడు ఆపు. ఎందుకో చెప్పొద్దు. ఆపు, అంతే."

సుంకమ్మ రేపటి ప్రయాణం లేనట్టే రోట్లో వేరుశనగ విత్తనాల పొడి దంచుతోంది. ఆ మాటకు రోకలి కొంచెం మెల్లగా పడసాగింది.

అశ్విని చదివింది. ఒకటో పాఠం, రెండో పాఠం. రోకలి ఆగలేదు. పదో పాఠానికి పొడి అయిపోయింది. సుంకమ్మ చింతపండు ముందేసుకుని గింజలు తీసింది. ఇరవయ్యో పాఠానికి అశ్విని గొంతు బొంగురుపోయింది. సుంకమ్మ లేచి మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. తాగి మళ్లీ చదివింది. మధ్యలో సామ్సన్ వచ్చి, ఎర్రిస్వామి రక్తానికి ఒప్పుకున్నాడని చెప్పబోయి, ఇద్దరినీ చూసి, తనే గోడ దగ్గరికి వెళ్లి పెన్నుతో టిక్కు పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

ముప్పై ఒకటో పాఠం.

"అక్కా, నీవు పండుగనాడు అందరివలె కానుక తేలేదనియు, వట్టి చేతులతో వచ్చితివనియు గుమ్మము వెలుపలనే నిలిచియున్నావు. లోపల దీపములు వెలుగుచున్నవి. నిన్నెవరును చూడలేదని తలంచుచున్నావు…"

చింతపండు మీద వేళ్లు ఆగాయి.

అశ్విని తల ఎత్తలేదు. చదువుతూ పోయింది. పుట సగానికి వచ్చింది. "…అక్కా, సిగ్గుపడకుము. నీకు తోడు ఎవరును లేరనుకొనుచున్నావు. అయితే ఆయన నీ"

అక్కడితో అచ్చు ఆగిపోయింది. కింద మౌలాలి అతికించిన తెల్లకాగితం. అతి నున్నగా, అంచు కూడా తెలియకుండా అతికించాడు.

"ఇదే," అంది సుంకమ్మ. "సదువు."

అశ్విని చదవలేదు.

"సదువమ్మా. ఆగినావేంది?"

మేక ఒకసారి అరిచి ఊరుకుంది. అశ్వినికి మూడేళ్ల కిందటి గురువారం మెల్లమెల్లగా కళ్లముందుకు వచ్చింది. పెళ్లై రెండు నెలలు. చుట్టూ పదిహేడు మంది. కొత్తకోడలు ఎలా చదువుతుందో అని చూస్తున్నారు. మాట మధ్యలో పుట చిరిగిపోయి ఉంది. చిరిగిందని చెబితే పాఠం చెడిపోతుందని, ఆగకుండా, కాగితం మీదినుంచి కళ్లు తీయకుండా, తనకు తోచిందేదో చదివినట్టే చెప్పేసింది. ఏం చెప్పిందో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఇప్పుడైనా ఏదో ఒకటి చెప్పవచ్చు. అత్తకు చదువు రాదు. ఆమెకు ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది.

"ఈడ ఏమీ లేదత్తా. చిరిగిపోయింది. ఆ పొద్దు కూడా చిరిగే ఉండె."

"ఉన్న సగంలోనే ఆ మాట ఉందనుకుంటి. ఆ పొద్దు సదివితివి గదా."

"చదవలేదు. నేనే కల్పించి చెప్పినా. పుస్తకంలో ఉన్నట్టు చెప్పినా. ఏం చెప్పినానో కూడా గుర్తు లేదు."

సుంకమ్మ కోడలి ముఖంలోకి చూసింది.

"మూన్నేండ్లు," అంది. "మూన్నేండ్లు దాని మీద సెయ్యి పెట్టుకుంటి."

"తప్పైందత్తా."

"దేవుని మాటనుకుంటి మే."

ఆమె చింతపండు గిన్నె తీసి పక్కన పెట్టి, చెయ్యి గోడకు ఊని లేచి, లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. దీపాల వేళకు అశ్విని అన్నం కలిపి తీసుకుపోయి పక్కన పెట్టింది. కాసేపటికి వెళ్లి చూస్తే అలాగే ఉంది. ఇంకాసేపటికి చూస్తే సగం తిని ఉంది.

* * *

తెల్లవారి అశ్విని తలుపు తీసేసరికి సుంకమ్మ తలస్నానం చేసి, వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన సంచి. చీరలు, ఫ్లాస్కు, కవరు, రొట్టెల మూట. అన్నిటికన్నా పైన పుస్తకం. మేక అప్పటికే తిమ్మమ్మ దొడ్లో ఉంది.

"ఆటో తియ్యమను వానికి," అంది.

దారిలో ఆమె కొడుకు పక్కన ముందు సీట్లో కూర్చుంది. అశ్విని వెనక ఖాళీ గోనెసంచుల మీద. సామ్సన్ ఈరేష్ గురించి, ఎర్రిస్వామి గురించి, వాళ్లిద్దరికీ సూదంటే భయమని, ఒకడి చెయ్యి ఇంకొకడు పట్టుకుంటామన్నారని చెబుతూ తోలాడు. ఎవరూ బదులు చెప్పకపోయినా ఆపలేదు. ఆపితే తనకే భయం వేస్తుంది.

ఆసుపత్రిలో పది గంటలకు నర్సు వచ్చి గాజులు తీయమంది, పచ్చగౌను తొడిగింది, చేతికి సూది గుచ్చి బ్యాండేజి అతికించింది. సామ్సన్ కాగితాల మీద సంతకాలకు కిందికి వెళ్లాడు. అత్తాకోడళ్లే మిగిలారు.

"అశ్వినీ."

"ఆఁ, అత్తా."

"ఆ పొద్దు నువ్వు నా సేతులు సూసినావా?"

అశ్విని తీసిన గాజులు సంచిలో వేస్తూ తలెత్తింది.

"ఆ గురువారం. నువ్వు నాకు ఎదురుగా కూకోని ఉంటివి. నా సేతులు కొంగు కింద ఉండె. నువ్వు సదివినావు గదా, సదివినావో కల్పించినావో. 'ఆయన నీ సేతులు సూసినాడు అక్కా. దాసిపెట్టుకోవద్దు. సాపు.' అంతే అంటివి. పుస్తకం భాష గూడా కాదు అది. మన ఇంట్లో భాష. నాకు అప్పుడే తెలియల్ల, మొద్దును."

ఆ మాటలు వినగానే అశ్వినికి అన్నీ గుర్తొచ్చాయి. ఆ గురువారానికి ముందు రోజు, తను కొత్తగా రొట్టె తట్టబోయి చెయ్యి కాల్చుకుంటే, సుంకమ్మ పొరలు లేచిన వేళ్లతో దాని మీద వెన్న రాసింది. రాసి, కోడలు తన చేతులను చూస్తోందని గ్రహించి, గబుక్కున కొంగు కింద పెట్టుకుంది.

"చూసినా అత్తా. చూసే చెప్పినా. అది కల్పించింది కాదు."

"రాత్రంతా అదే అడుక్కుంటి, పుస్తకంలో లేని మాట నాకెట్ల పట్టిందని." సుంకమ్మ సూది గుచ్చిన చేతిని పక్క మీద మెల్లగా చాపింది. వంకర చిటికెనవేలు కూడా. "పదిహేడు మంది ఉంటిమి. అందరి సేతుల్లో నా సేతులే నీకు ఎవరు సూపిచ్చిరి? నువ్వు తెలివిగల్లదానివే గాని, అంత తెలివి నీకు ల్యా."

అశ్విని ఏడుస్తూనే నవ్వింది.

"కోపం పోయిందా అత్తా?"

"రొంత ఉండాది. ఉండనీ. ఇంటికి పోయినాక తిట్టల్ల గదా నిన్ను, దానికి."

నర్సు స్ట్రెచరు తెచ్చింది. పుస్తకం లోపలికి తేకూడదని చెప్పింది. అశ్విని అత్త ముఖం వైపు చూసింది. సుంకమ్మ పుస్తకం మీద ఒకసారి చెయ్యి పెట్టి, తీసింది.

"నా దారం ఉందా నీకాడ?"

"ఉంది."

"ఆడనే పెట్టు. ఆ తెల్లకాగితం మీద ఆ మాట రాయి. నేను వచ్చేలోపల రాయి. రేపు ఇంకొకరు సదివితే ఆగిపోగూడదు."

"ఇంకేమైనా రాయమంటావా?"

సుంకమ్మ ఆలోచించింది. స్ట్రెచరు అప్పటికే కదిలింది. మలుపు దగ్గర తల తిప్పి ఏదో అంది గాని, చక్రాల చప్పుడులో అశ్వినికి వినపడలేదు. తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్రలైటు వెలిగింది.

గంట అవుతుందన్నారు. గంట దాటింది. సామ్సన్ వరండా ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. ఈరేష్, ఎర్రిస్వామి మోచేతుల్లో దూది పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. లోపలినుంచి ఒక నర్సు వేగంగా వచ్చి, ఇంకో సీసా రక్తం కావాలి, ఎవరున్నారని అడిగింది. సామ్సన్ చొక్కా చెయ్యి మడుస్తూ ఆమె వెంట పరుగెత్తాడు.

అశ్విని లేవలేదు. లేచినా చేయగలిగింది ఏమీ లేదు. ఒళ్లో పుస్తకం తెరిచి, ముప్పై ఒకటో పాఠంలో తెల్లదారం పెట్టి, సంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. అచ్చు ఆగిపోయిన చోటినుంచే, మెల్లగా రాసింది.

"చేతులు చూసినాడు అక్కా. దాచిపెట్టుకోవద్దు. చాపు.

ఈ మాట నిన్ను ఎప్పుడు చేరుతుందో నాకు తెలియదు. నేను రాసేటప్పుడు మా అత్త లోపల ఉంది, తలుపు ఇంకా తెరవలేదు. ఆమె పేరు సుంకమ్మ. ఊరు ఎమ్మిగనూరు. ఈ పుట మీద నువ్వు చెయ్యి పెట్టుకున్నప్పుడు, నీ ప్రార్థనలో ఆమెను జ్ఞాపకం చేసుకో."